వెంట వచ్చేవాళ్ళ జాబితా

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, చెబుతాను. పెడనలో కలంకారీ అద్దే నాంచారయ్య కూతురు వెన్నెల సంగతి ఇది.

వాళ్ళ తాతనాటి మామిడిపిందె అచ్చు పగిలింది. బొమ్మ కంప్యూటర్లో గీసిస్తే కొత్తది చెక్కుతానన్నాడు చెక్కేవాడు. అదీ సాయంత్రం లోపలే. రేపటినుంచి ఊళ్ళో ఉండడు. గీద్దామంటే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ లేదు. పెట్టుకుందామంటే కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది. ఎంత కొట్టినా తెరమీద ఒక్క అక్షరం పడలేదు.

కంప్యూటరు అమ్మిన బందరు కుర్రాడు లోహిత్‌కి ఫోను చేసింది.

"చచ్చిన కీబోర్డు అంటగట్టారండీ మాకు."

వానలో తడుస్తూ వచ్చి, చూసి నవ్వాడు. "ఇక్కడ పాస్‌వర్డు కనపడదండీ. కొట్టేసి ఎంటర్ నొక్కడమే."

"ఆ ముక్క ఫోన్లో చెప్పొచ్చుగా?"

"చెబితే ఇవాళ రావడం కుదరదుగా."

ఆమె పాస్‌వర్డు కొడుతున్నంతసేపూ అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెన్నెలకి ఆ మర్యాద నచ్చింది.

తెరమీద పేర్లు గబగబా దిగాయి.

"నేనడిగింది ఒక్కటేగా. ఇవన్నీ ఏంటి?"

"దీన్ని పాకేజీ మేనేజర్ అంటారండీ. మీరడిగిన దానికి తోడు ఇంకేమేం కావాలో అదే చూసుకుని తెస్తుంది. తెచ్చేముందు జాబితా చూపించి, సరేనా అని అడుగుతుంది."

"ఓహో. కరక్కాయ నీళ్ళలో నానందే గుడ్డకి మా నలుపు పట్టదు. అలాగన్నమాట."

"కరక్కాయా? ఎందుకు పట్టదు?"

లోహిత్ పక్కనే ఉన్న కరక్కాయ నీళ్ళ తొట్టి మీదికి వంగి పది ప్రశ్నలు వేశాడు. ఆమె పదింటికీ జవాబు చెప్పింది. కంప్యూటరు ఎదురుచూస్తూనే ఉంది.

"అది అడగాల్సింది అడిగింది. మీరడగాల్సింది ఏమన్నా ఉందా?" అంది వెన్నెల.

లోహిత్ చెవులు ఎర్రబడ్డాయి. "ఉందండీ. ఎలా అడగాలో తెలీక..."

పక్కనే బల్లమీద గుడ్డకి అచ్చు వేస్తున్న నాంచారయ్య తలెత్తలేదు. "ఆ కంప్యూటర్ని చూసి నేర్చుకో అబ్బాయ్. ముందు వెంట ఎవరెవరొస్తారో చెప్పు."

"అమ్మ సుబ్బాయమ్మండీ. ఓ చెల్లెలు. అమ్మ పెంచే ఆరు బాతులు."

"బాతులు కూడానా?" అంది వెన్నెల.

"అవి లేందే అమ్మ రాదండీ."

వెన్నెల జాబితా మొత్తం మరోసారి చదివి, ఎంటర్ నొక్కింది. "సరే," అంది. కంప్యూటరు వైపు మాత్రం చూడలేదు.

సాయంత్రానికి గీసిన బొమ్మ అచ్చు చెక్కేవాడి చేతికి అందింది. వాళ్ళ పెళ్ళిచీరకి అద్దింది ఆ కొత్త పిందెనే.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు. చెప్పేటప్పుడు బాతుల్ని మాత్రం వదిలెయ్యకు.