అద్దం మీద మూడు చుక్కలు

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియోలో సినిమా గొంతులు రికార్డు చేసిన హార్డ్ డిస్క్ మాయమైంది.

ఒంటిగంటకు అద్దాల బీరువాలో ఉంది. రెండింటికి లేదు. బీరువా అద్దం పగిలి ఉంది. పగిలిన అంచు మీద మూడు నెత్తుటి చుక్కలు.

ఎస్.ఐ. పద్మప్రియ వంగి నేలంతా వెతికింది. ఇంకెక్కడా మరక లేదు.

"వెతకడం దేనికి మేడమ్?" అన్నాడు మేనేజర్ జగదీశ్. "డబ్బింగ్ ఆర్టిస్ట్ మనోజ్ఞే తీసింది. ఆమె గుండెలో మెటల్ వాల్వ్ ఉంది. ఆ టిక్ టిక్ మైక్‌లో పడుతోందని నిన్ననే ఆమెను సినిమా నుంచి తీసేశాం. కక్ష కట్టింది. వేలికి కట్టు చూడండి!"

"టిక్ టిక్ మీరు విన్నారా?"

"లేదు. సౌండ్ ఇంజనీర్ సిద్ధార్థ చెప్పాడు."

పక్కనే నిలబడ్డ సిద్ధార్థ తలూపాడు. "లంచ్ టైమ్‌లో ఆమెను కారిడార్‌లో చూశాను మేడమ్."

మనోజ్ఞ సోఫాలో నిటారుగా కూర్చుంది. ముప్పై రెండేళ్లు. ఇల్లు యూసుఫ్‌గూడ.

"తీసేసినంక మళ్ల ఎందుకొచ్చిండ్రు?" అడిగింది పద్మప్రియ.

"ఆ టిక్ టిక్ నాకూ వినిపించమని అడగడానికండీ. రెండింటికి వినిపిస్తామన్నారు."

"వేలికేమైంది?"

"పొద్దున ఏడింటికి దొండకాయలు కోస్తుంటే తెగింది."

కట్టు మీద నెత్తురు ఊరి ఆరిపోయింది. పద్మప్రియ దాన్నే చూసింది.

"గింత నెత్తురా?"

"వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలండీ. తెగితే ఓ పట్టాన ఆగదు. అరగంట నొక్కి పట్టుకున్నాను."

"గట్లాంటప్పుడు ఇంట్ల ఉండక..."

"నాలుగేళ్లుగా అందరిదీ ఇదే మాట! ఇంట్లో కూర్చోడానికా నేను ఛాతీ కోయించుకుంది?"

పద్మప్రియ తల తిప్పింది. ఆమె చూపు సిద్ధార్థ చేతుల మీదికి వెళ్లింది. ఎడమ మణికట్టు మీద గడియారం పెట్టీ పెట్టీ పడ్డ తెల్లటి గుర్తు. గడియారం మాత్రం కుడి చేతికి ఉంది.

మూడూ నలభైకి ముగ్గురినీ బీరువా ముందుకు పిలిచింది.

"అందరం చుక్కలే చూసినం. నేల చూడలే. గీ అద్దం మనోజ్ఞ గారిని కోస్తే, బీరువా కాడి నుంచి మెట్ల దాకా నెత్తురు కారేది. గీడ మూడు చుక్కలకే ఆగింది. మాత్ర వేసుకోనోళ్ల నెత్తురిది. సిద్ధార్థ, గడియారం తియ్యి."

సిద్ధార్థ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"తియ్యమన్న!"

కుడి మణికట్టు మీద సన్నటి గాటు. అప్పుడే పక్కు కట్టింది.

అతను గాటు మీద చెయ్యి కప్పుకున్నాడు. "ఆమె ట్రాక్‌లన్నీ పొరపాటున డిలీట్ చేశాను మేడమ్. బ్యాకప్ లేదు. వేరే గొంతుతో మళ్లీ చెప్పిస్తే బయటపడదని టిక్ టిక్ కథ అల్లాను. వినిపించమని ఆమె పట్టుబట్టింది. డిస్క్ తెరిస్తే ట్రాక్‌లు లేవని తెలిసిపోతుంది. బీరువా తాళం సార్ దగ్గరుంది. అద్దం పగలగొట్టాను."

హార్డ్ డిస్క్ అతని బ్యాగులోనే దొరికింది.

జగదీశ్ తల దించుకున్నాడు. "తప్పైపోయిందమ్మా. నువ్వు నలిగిపోయావు. రెస్ట్ తీసుకో. వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారం దేనికండీ?"

మనోజ్ఞ రికార్డింగ్ బూత్ తలుపు తీసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైక్ ముందు నిలబడింది.

"మొదటి సీన్ వెయ్యండి. చప్పుడొస్తే నాకు చెప్పండి. నా వెనకాల కాదు."