థామస్ దొరకు పెట్టిన విస్తరి

కువైట్‌లోని మంగఫ్‌లో వెంకటేశ్వరి పనిచేసే ఇల్లు ఒక ఇంగ్లీషు ముసలాయనది. ఆయనకు ఒకటే పిచ్చి, తన వంశం ఎక్కడ మొదలైందో తేల్చుకోవాలని. తవ్వి తవ్వి నాలుగొందల ఏళ్ళ కిందటి థామస్ దొర దాకా వెళ్ళాడు. మెడ చుట్టూ మడతల తెల్లపట్టీతో ఆ దొర బొమ్మ చదువుకునే గదిలో ఉంటుంది. మొన్న ఇంగ్లండు వెళ్ళిన సారు ఫోన్ చేశాడు. దొరకు అసలు బిడ్డలే లేరట, తమది వేరే వంశమట. "పాపం, ఆయనకు ఎవరూ లేరు," అని వచ్చీరాని హిందీలో చెప్పి ఏడ్చాడు.

వెంకటేశ్వరికి మాత్రం ఏడుపు నిరుడే ఎండిపోయింది. ఊళ్ళో మొగుడు పుల్లయ్య పోయాడని తెలిసినప్పుడు సెలవు దొరకలేదు. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది.

మహాలయ అమావాస్యనాడు అత్త రెడ్డెమ్మ ఫోన్ చేసి గుర్తుచేసింది.

"వానికి సంగటంటే పానం. పెట్టి తలుపు మూయిమ్మే. తినేటప్పుడు సూడగూడదు."

మధ్యాహ్నం దుమ్ముగాలి లేచి, పట్టపగలే ఇల్లు చీకటైంది. దొర బొమ్మ ఉన్న గదిలోనే మొగుడి ఫోటో ముందు ఒక విస్తరి వేసింది. దిక్కులేని దొరకూ ఒక ముద్ద పెడితే పోయేదేముందని రెండోది వేసింది. జాలి మంచిదే, కొరివితో తల గోక్కోనంత వరకు.

"థామస్ దొరా, రాప్పా, తిను," అంది. తర్వాత ఫోటో వైపు తిరిగి, "మా ఇంటాయనా, నువ్వూ రా," అంది. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని పలకకపోవడానికే అలవాటుపడిన నోరు. పోయినవాడికి తగ్గడానికి ఆయుష్షెక్కడిదని ఆమెకు తట్టలేదు.

తలుపు మూసి బయట నిలబడింది. చాలాసేపు గాలి హోరు ఒక్కటే. తర్వాత తడిసిన ఉన్ని వాసన... కుర్చీ జరిగిన చప్పుడు... నమిలే చప్పుడు.

మొగుడు తింటున్నాడు. సంతోషించాలి. ఏమీ అనిపించలేదు.

"సంగటి బాగుందా?" అంది మెల్లగా.

"ఊఁ..."

అది పుల్లయ్య గొంతు కాదు.

"ఎవరది?"

"నీ ఇంటాయన..."

అప్పుడు అర్థమైంది. పేరుపెట్టి పిలిచింది ఒక్కడినే. వచ్చినవాడు రెండు విస్తళ్ళ ముందూ తానే కూర్చున్నాడు. మొగుడికి పిలుపే అందలేదు.

"పుల్లయ్యా..." పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ పేరు పలికింది.

వీధి తలుపు మీద ఎవరో అరచేత్తో తట్టారు. పరుగున వెళ్ళి తీసింది. ఎవరూ లేరు. వరండాలో పేరుకున్న దుమ్ములో చెప్పుల్లేని పాదాల గుర్తులున్నాయి. గుమ్మం దాకా వచ్చాయి, లోపలికి రాలేదు. మళ్ళీ మెట్ల వైపు వెళ్ళిపోయాయి...

వెనక గది తలుపు తెరుచుకుంది.

"ఈశ్వరీ... రోంత నీళ్ళు తే."

ఈసారి అది పుల్లయ్య గొంతే. ఆమెను ఈశ్వరీ అని పిలిచేది కూడా అతనొక్కడే.