మూత పడని డ్రిల్లు పెట్టె

నెరిడా క్వేల్ టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటున్న వేళ మర్వ్ డాసన్ వచ్చి తలుపు బాదాడు. డెబ్బై దాటిన మనిషి. టాస్మానియాలోని ఆ నదీతీరపు ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్ అంటే నెరిడా ఒక్కతే. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరిన ఐవర్, గబగబా కుర్చీ జరిపాడు.

"అమ్మా, నన్ను దొంగన్నారు," అన్నాడు మర్వ్. "షెడ్డులో అందరి ముందూ అన్నారు."

షెడ్డంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పని మానేసిన మగవాళ్ళంతా చేరి, బల్లలూ బొమ్మలూ చేసుకుంటూ కబుర్లతో పొద్దుపుచ్చే చోటు. పిల్లలకి వడ్రంగం నేర్పడానికి కొత్త డ్రిల్లులు కొందామనుకున్నారట. ఒకే కంపెనీవి, రెండూ చవకరకం, ఆకుపచ్చవి తెచ్చారు. ఒకటి బొగ్గు బ్రష్షుల మోటారుది, రెండోది ఆ బ్రష్షులే లేని బ్రష్‌లెస్ రకం. నిండా చార్జి చేసిన బ్యాటరీతో బ్లూగమ్ చెట్టు దుంగకి ఏది ఎక్కువ చిల్లులు పెడితే అది కొనాలని పందెం.

"మరి ఏమైంది?"

"బ్రష్‌లెస్‌దే గెలుస్తుందని నేను ఊరంతా చాటాను. తీరా చూస్తే అది మూలుగుతూ నిప్పురవ్వలు కక్కి, కంపు కొట్టి ఆగిపోయింది. కొత్తది అలా అవుతుందా, మర్వ్‌గాడు ఇంటికి పట్టుకెళ్ళి దాంతో పందిరి కట్టుకుని అరగదీశాడన్నారు. డ్రిల్లులు పెట్టే అల్మరా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది మరి." అతను ఐవర్ జరిపిన కుర్చీలో కూర్చున్నాడు. "శనివారం నన్ను షెడ్డులోంచి తీసేస్తారట. ఎడ్నా పోయాక నాకున్న దిక్కు అదేనమ్మా. ఇంట్లో గోడలతో ఎంతసేపని మాట్లాడను?"

నెరిడా టోస్టు పక్కన పెట్టింది.

"నిప్పురవ్వలు ఎక్కణ్ణించి వచ్చాయి?"

"వెనక గాలి కన్నాల్లోంచి. నీలంగా."

"తర్వాత దాన్ని పెట్టెలో పెట్టావా?"

"పెట్టాను. మూత పడి చావలేదు. రబ్బరు బ్యాండు వేసి ఉంచాను."

"పొద్దున తీసినప్పుడు?"

మర్వ్ ఆలోచించాడు. "అప్పుడు మూత బాగానే ఉంది. తీసి బల్ల మీద పెట్టి, గుడ్డ కప్పి, టీకి వెళ్ళాం."

"అందరూ వెళ్ళారా?"

"టీ మానే మొనగాడెవడు మా దగ్గర? కప్పులు కడిగే వంతు ఆ రోజు నాదే. మావాళ్ళలో క్లైవ్ కప్పొక్కటే కొక్కేనికి పొడిగా ఉంది. కడుపులో బాగోలేదన్నాడు పాపం."

నెరిడా నవ్వి కోటు తొడుక్కుంది. ఆవిడకి ఏం దొరికిందో ఐవర్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా ఏదో దొరికిందని మాత్రం అతనికి తెలిసిపోయింది.

షెడ్డు పెద్ద కాన్ స్టావ్రూ వాళ్ళని గుమ్మంలోనే ఆపాడు. "డిటెక్టివ్‌ని తెచ్చాడా మర్వ్? డ్రిల్లుకి పోస్టుమార్టం చేస్తారా ఏంటి?"

"అవసరమైతే చేస్తాం," అంది నెరిడా.

ఆవిడ పెట్టెకున్న రబ్బరు బ్యాండు తీసి, ఓడిన డ్రిల్లును చేత్తో తిప్పి చూసింది. దాని పక్కన అంటించిన 'బ్రష్‌లెస్' లేబులు అంచు ముడతలు పడి ఉంది. తర్వాత మూలనున్న క్లైవ్ పెట్చ్ బల్ల దగ్గరికి నడిచింది. షెడ్డులో ఎవరి డ్రిల్లు మొరాయించినా అక్కడికే వస్తుంది. విప్పి, అరిగిన బ్రష్షులు తీసి, కొత్తవి వేసేది అతనే. అతని అరలో అవే ఆకుపచ్చ డ్రిల్లులు, పాతవి, వరసగా ఉన్నాయి. బల్ల పక్కన రెండు ఖాళీ స్టూళ్ళున్నాయి.

"బ్రష్‌లెస్ మీద మీ అభిప్రాయమేంటి క్లైవ్ గారూ?"

"దాంట్లో ఏముంది నా మొహం! పోతే పారెయ్యడమే. బ్రష్షులదైతేనా, రెండు బొగ్గు ముక్కలు మారిస్తే మళ్ళీ పరిగెడుతుంది."

"మీరు మారుస్తున్నంతసేపూ ఈ స్టూళ్ళ మీద ఎవరు కూర్చుంటారు?"

"ఎవరి డ్రిల్లయితే వాళ్ళు. కబుర్లు చెప్తారు." అని క్లైవ్ తల దించుకుని స్క్రూడ్రైవరు తుడవసాగాడు.

శనివారం షెడ్డు ముందు సాసేజీలు చిటపటమంటున్నాయి. ఉల్లిపాయల వాసన నది దాకా పోతోంది. నెరిడా అందరినీ లోపలికి పిలిచి, పందెంలో ఓడిన డ్రిల్లు ఎత్తి పట్టుకుంది.

"మర్వ్ ఈ డ్రిల్లుని అరగదీయలేదు. ఇది బ్రష్‌లెస్సే కాదు."

గుసగుసలు మొదలయ్యాయి.

"మోటారులో బ్రష్షులు రాసుకుంటేనే ఆ కన్నాల్లో నీలం మెరుపులు వస్తాయి. బ్రష్షులే లేనిదానికి ఎక్కణ్ణించి వస్తాయి? పైగా బ్రష్షుల మోటారు పొడుగు. అందుకే పొద్దున పడిన మూత పందెమయ్యాక పడలేదు. మీరు టీ తాగుతుండగా ఎవరో ఒక పాత డ్రిల్లుకి కొత్తదాని లేబులు అతికించి గుడ్డ కింద పెట్టారు. ఆ రోజు టీ తాగనిది ఒక్కరే. పాత ఆకుపచ్చ డ్రిల్లులున్నదీ ఆయన దగ్గరే. ఐవర్, క్లైవ్ గారి అరలో పొట్టిదాన్ని తీసుకురండి."

ఐవర్ వెతికి తెచ్చాడు. దీపాలార్పి నెరిడా మీట నొక్కింది. మెరుపు లేదు, కంపు లేదు. దుంగలోకి అది వెన్నలోకి దిగినట్టు దిగింది. ఐవర్ అయితే చప్పట్లు కొట్టేశాడు.

దీపాలు వెలిగేసరికి క్లైవ్ స్టూలు మీద కూలబడి ఉన్నాడు.

"బ్రష్‌లెస్‌వే కొంటే నా బల్ల దగ్గరికి ఎవడొస్తాడ్రా?" అన్నాడు. "నేనూ ఒంటిగాణ్ణే కదా. నింద మర్వ్ మీద పడుతుందనుకోలేదు. పడ్డాక నోరు పెగల్లేదు."

"పెగల్లేదా?" మర్వ్ మొహం ఎర్రబడింది. "నాకు కంటి మీద కునుకు లేదురా సన్నాసీ! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

కాన్ గొంతు సవరించుకుని మర్వ్‌కి క్షమాపణ చెప్పాడు. పిల్లలకి బ్రష్‌లెస్‌వే కొందామన్నాడు. ఇక తీసెయ్యాల్సింది క్లైవ్‌నే కదా అని ఎవరో అన్నారు. అందరూ మర్వ్ వైపు చూశారు.

మర్వ్ అల్మరా దగ్గరికి వెళ్ళాడు. తన సొంత డ్రిల్లు, బ్రష్షులది, తెచ్చి క్లైవ్ ముందు ధడేలున పెట్టాడు.

"ఇది చూడు. సరిగ్గా తిరగట్లేదు."

క్లైవ్ తిప్పి చూశాడు. "దీనికి బ్రష్షులు మొన్ననే మార్చాను కదరా."

"అయితే మళ్ళీ విప్పు," అన్నాడు మర్వ్. పొడిగా వేలాడుతున్న క్లైవ్ కప్పుని కొక్కెం మీంచి తీసి, తన కప్పుతో కలిపి టీ పొయ్యడానికి వెళ్ళాడు.