చచ్చినవాడి పాస్‌పోర్టు

కురిచేడు లక్ష్మీనరసయ్య చచ్చిపోయి రెండు నెలలు దాటాక లివర్‌పూల్ రేవులో ఓడ దిగాడు.

ఆ సంగతి మోసుకొచ్చిన కేబుల్‌ను చీఫ్ బల్లమీద పెట్టి, ఎదురుగా కూర్చున్న కరుణాకరం మొహంలోకి చూశాడు. అది 1940 వేసవి. మద్రాసులో రహస్య పోలీసు శాఖ ఆఫీసు. నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అయినా ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"గిద్దలూరు దాటాక అడవిలో, రైలు పట్టాల పక్కన శవం దొరికింది. తండ్రి వచ్చి గుర్తుపట్టాడు. కాలుజారి పడ్డాడని కేసు మూసేశారు. పై చదువుకి ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు."

"మరి లివర్‌పూల్‌లో దిగిందెవరు?"

"పేరు అదే. పాస్‌పోర్టు అదే. అందులో ఫోటో మాత్రం వేరే మనిషిది. రేవు దాటి మాయమయ్యాడు. జర్మన్ ఏజెంట్."

యుద్ధం వచ్చాక పాస్‌పోర్టు ఒక్కటే ఉంటే చాలడం లేదు. దేశం దాటాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. కాలేజీ సీటు ఇచ్చిన ఉత్తరం చూపాలి. నడవడిక మంచిదని పోలీసు సర్టిఫికెట్ తేవాలి. ఒక్కో విద్యార్థి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగితేగాని ఇవన్నీ చేతికి రావు.

"అంత శుభ్రమైన కాగితాలు దొంగగా అచ్చువేయడం కష్టం. అందుకే అసలైనవే లాక్కుంటున్నారు. సొంతదారు బతికుంటే గొడవ చేస్తాడు కాబట్టి వాణ్ణి చంపేస్తున్నారు," అన్నాడు చీఫ్.

మార్కాపురంలో 'ఓరియంట్ స్టూడెంట్స్ ఏజెన్సీ' అని ఒక ఆఫీసు వెలిసింది. నడిపేవాడు డాక్టర్ కోస్టా. చేతిలో ఉన్నది పోర్చుగీసు పాస్‌పోర్టు, పని చేసేది బెర్లిన్‌కి. బొంబాయి నుంచి పోయే ఓడలకు సబ్‌మెరైన్ల భయమనీ, తాను పోర్చుగీసు వీసా వేయించి గోవా రేవునుంచి క్షేమంగా పంపిస్తాననీ విద్యార్థులకు చెబుతాడు. పాస్‌పోర్టు అతని చేతిలోకి పోయాక ఫోటో మారుతుంది. ఈసారి వలలో పడింది పెద్దారవీడు ఓబులేసు. గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, స్కాలర్‌షిప్ తెచ్చుకుని పశువైద్యం చదవడానికి ఇంగ్లండు పోతున్నవాడు.

"ఏజెన్సీలో మన మనిషి ఉంది. కోడ్ పేరు లిల్లీ," అన్నాడు చీఫ్.

"ఓబులేసును ముందే హెచ్చరించనా సార్?"

"వీల్లేదు. వాడి మొహంలో భయం కనిపించిందంటే కోస్టా ఎగిరిపోతాడు. నాకు ఫోటో మార్చిన పాస్‌పోర్టు కావాలి. కోస్టా ప్రాణాలతో కావాలి. ఇంకా ఎందరు దాటిపోయారో వాడికొక్కడికే తెలుసు."

"మరి కుర్రాడు?"

చీఫ్ సిగరెట్ వెలిగించుకున్నాడు. "వీలైతే."

*

వారం తిరిగేసరికి కరుణాకరం పలకల వ్యాపారి చిన్నయ్య అయిపోయాడు. పుట్టింది కొమరోలు పక్కనే కాబట్టి మాట మార్చుకోవలసిన పని పడలేదు. మద్రాసులో నేర్చుకున్న మాటను మరిచిపోతే చాలు. భుజాన సంచిలో బడిపిల్లల పలకలు, వాటి అడుగున రివాల్వర్. జేబులో డిపార్ట్‌మెంట్ వాళ్ళు తయారుచేసిన ఫౌంటెన్ పెన్ను. క్యాప్ తిప్పితే సిరాకు బదులు మెగ్నీషియం భగ్గున మండుతుంది.

మార్కాపురంలో ఏజెన్సీ ఆఫీసు మెట్లమీద లేత నీలం జార్జెట్ చీర, నల్ల కళ్ళద్దాలు కనిపించాయి. వీధిలో పోయే బండివాళ్ళు సైతం ఎద్దులను ఆపి చూస్తున్నారు. కోస్టా సెక్రటరీ, మిస్ పుష్ప.

"పలక పగిలిందా అమ్మా?" అన్నాడు కరుణాకరం.

"పగల్లేదు. గీత పడింది."

కోడ్ సరిపోయింది. లిల్లీ ఈమే. పలకలు బేరమాడుతున్నట్టు వంగి, ఆమె గొంతు తగ్గించింది. "శుక్రవారం పగటి బండి. సెకండ్ క్లాస్. దిగువమెట్ట దాటాక ఘాట్‌లో సొరంగం వస్తుంది. అక్కడే. లక్ష్మీనరసయ్య శవం దొరికేదాకా ఇది ఉద్యోగమనే అనుకున్నాను. అప్పుడు మద్రాసుకు రాశాను. నన్ను నమ్ముతారా?"

"నమ్మక తప్పదు."

"అది నమ్మకం కాదు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఓబులేసును ఒకసారి కళ్ళారా చూసి గుర్తుపెట్టుకోవాలని కరుణాకరం పెద్దారవీడు పోయాడు. అక్కడే అతను చిక్కుకున్నాడు. ఓబులేసు అతన్ని అన్నా అని పలకరించి, ఇంట్లో కూర్చోబెట్టి గొర్రెల దగ్గరికి పోయాడు. తల్లి రోశమ్మ, ఎండలో వచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపనంది. సంగటి ముద్ద, గోంగూర పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నాయనా, నువ్వు నాలుగూళ్ళు తిరిగేటోడివి. ఆ మార్కాపురం దొర మంచోడేనా? మా వోడి కాయితాలన్నీ ఆయన దగ్గరే పెట్టినాడు. నాకేందో గుబులుగా ఉండాది."

అతను ముద్దను గోంగూరలో అద్దాడు. చెప్పేస్తే ఈ కొడుకు బతుకుతాడు. కోస్టా తప్పించుకుని ఇంకో జిల్లాలో ఇంకో బోర్డు కడతాడు. అప్పుడు ఇంకో తల్లి.

"మంచోడే అత్తా. ఏం భయం లేదు," అన్నాడు కరుణాకరం.

ఆమె ఊపిరి పీల్చుకుని ఇంకొంచెం గోంగూర వడ్డించింది. ఎంతమంది శత్రువుల ముందు అబద్ధమాడాడో అతనికే గుర్తులేదు. ఒక్కటీ ఇంతగా కాల్చలేదు.

*

శుక్రవారం. బండి గిద్దలూరు స్టేషన్ విడిచి కదులుతుండగా కరుణాకరం సంచితో సహా సెకండ్ క్లాస్ పెట్టెలోకి దూకాడు. ఇద్దరు మఫ్టీ కానిస్టేబుళ్ళు థర్డ్ క్లాసులో ఉన్నారు. కానీ ఈ బండిలో ఒక పెట్టెనుంచి ఇంకో పెట్టెకు దారి లేదు. బండి ఆగేదాకా వాళ్ళు ఉన్నా లేనట్టే.

లోపల ముగ్గురే. కిటికీ దగ్గర కొత్త కోటులో ఓబులేసు, పక్కన పుష్ప, ఎదురుగా తెల్ల సూటు కోస్టా.

"పలకల చిన్నయ్యన్నా! ఇట్ల వచ్చినావేంది?" ఓబులేసు మొహం విప్పారింది.

కోస్టా చేతిలోకి పిస్తోలు వచ్చింది. "పలకలమ్మే మనిషి సెకండ్ క్లాస్ ఎక్కడు," అన్నాడు ఇంగ్లీషులో. "పుష్పా, వెతుకు."

పుష్ప లేచింది. సంచిలోంచి పలకలు తీసి బెంచీమీద పేర్చింది. అడుగున ఉన్న రివాల్వర్‌ను తీసి తిన్నగా కోస్టా చేతికిచ్చింది. ఆమె వేళ్ళు కరుణాకరం జేబులోకి దిగి, పెన్నును తాకి, ఒక్క క్షణం ఆగాయి.

"ఇంకేం లేవు," అంది.

"ఏంది దొరా ఇది?" ఓబులేసు సీట్లోంచి సగం లేచాడు. కోస్టా పిస్తోలుతోనే కూర్చోమని సైగ చేశాడు. దిగువమెట్ట వెనకబడింది. బండి ఆయాసపడుతూ ఘాట్ ఎక్కుతోంది. ఇంజన్ పెద్దగా కూత వేసింది.

సొరంగం. చీకటి. పొగ.

తలుపు తెరుచుకున్న చప్పుడు. రాతిగోడను కొట్టుకుంటూ చక్రాల హోరు పెట్టెలోకి దూసుకొచ్చింది. ఓబులేసు కేక. కరుణాకరం పెన్ను క్యాప్ తిప్పాడు. పట్టపగల్లాంటి వెలుగులో, తలుపు దగ్గర ఓబులేసు నడుము దాకా బయటికి వేలాడుతున్నాడు. కోస్టా ఒక చేయి అతని కాలరు మీద, పిస్తోలున్న రెండో చేయి కళ్ళకు అడ్డం. పుష్ప ఆ పిస్తోలు చేతిమీద పడింది. గుండు పెట్టె కప్పును చీల్చింది. కాలు తప్పి కోస్టా కూడా తలుపులోంచి బయటికి ఒరిగాడు.

కరుణాకరం ఒక చేతితో తలుపు కమ్మీ పట్టుకున్నాడు. మిగిలింది ఒక్క చెయ్యి. ఎదురుగా ఇద్దరు మనుషులు. కోస్టా ప్రాణాలతో కావాలి అని చెవిలో చీఫ్ గొంతు.

అతని చెయ్యి ఓబులేసు కోటును పట్టుకుంది.

వెలుగు ఆరిపోయింది. చీకట్లో ఒక అరుపు వినిపించి, చక్రాల కింద అణిగిపోయింది. పుష్ప గొలుసు లాగింది. బండి సొరంగం దాటి ఎండలోకి వచ్చి ఆగింది.

కోస్టా తోలుపెట్టెలో ఓబులేసు పాస్‌పోర్టు ఉంది. విప్పి చూస్తే అందులో ఎవడో సన్నమీసాలవాడి ఫోటో. పై స్టేషన్‌నుంచి కరుణాకరం ఆ ఆనవాళ్ళతో సరిహద్దు పోలీసులకు తంతి కొట్టించాడు. మర్నాడు గోవా సరిహద్దులో, అచ్చం ఆ మొహమే ఉన్న మనిషి మన పోలీసులకు దొరికిపోయాడు. అంతకుముందు దాటినవాళ్ళ లెక్క మాత్రం కోస్టాతోనే పోయింది.

పట్టాల పక్కన కూర్చున్న ఓబులేసు తలెత్తి కరుణాకరం వైపు చూశాడు.

"నీకు ముందే తెలుసునా అన్నా?"

"తెలుసు."

"మా అమ్మ పెట్టిన ముద్ద తిన్నప్పుడు గూడా?"

"అప్పుడు కూడా."

ఓబులేసు అతన్ని తిట్టలేదు. లేచి, కాస్త దూరం పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. పుష్ప కళ్ళద్దాలు తీసి ఏడుస్తోంది. ఎవరి దగ్గరికి పోవాలో కరుణాకరానికి తెలియలేదు.

*

చీఫ్ మండిపడ్డాడు. "కోస్టాను వదిలేశావు!"

"ఒక చెయ్యే ఖాళీగా ఉంది సార్."

ఓబులేసు పాస్‌పోర్టును కోర్టు సాక్ష్యంగా ఉంచేసుకుంది. చదువుకు పోవాలంటే మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకున్నాడు. నడవడిక రిపోర్టుకోసం ఆ కాగితాలు తిరిగి తిరిగి కరుణాకరం బల్లమీదికే వచ్చాయి. మిగతా గళ్ళన్నీ చకచకా నింపాడు. ఒక్క ప్రశ్న దగ్గర కలం ఆగింది. దరఖాస్తుదారుడికి శత్రుదేశపు ఏజెంట్లతో ఎప్పుడైనా సంబంధం ఉన్నదా?

లేదని రాయవచ్చు. ఆ కుటుంబానికి చెప్పిన అబద్ధం ఒకటి చాలనిపించింది.

"ఉన్నది. ప్రభుత్వం వారి పూర్తి ఎరుకతో," అని రాసి సంతకం చేశాడు.

పర్మిట్ మంజూరైంది. కాదంటే కారణం రాయాలి. ప్రభుత్వమే తెలిసీ కుర్రాణ్ణి ఎరగా వదిలిందన్న ఆ కారణం తన చేత్తో రాయడానికి మద్రాసులో ఒక్క అధికారి కూడా దొరకలేదు.