జీడిగాడి గురువారాలు

2081 నాటికి భీమునిపట్నం పాత రేవు మీదికి సముద్రం వచ్చేసింది. ఊరు మాత్రం ఖాళీ కాలేదు. నీటి మీద తేలే పెద్ద పెద్ద దిమ్మెలు వేసి వాటిపైన వాడలు కట్టుకున్నారు. పోటు వచ్చినప్పుడు ఇళ్లన్నీ బారెడు లేచేవి, ఆటు వచ్చినప్పుడు బారెడు దిగేవి. ఆ నీటివాడల్లో కుక్కలకు చోటు లేదు కానీ పిల్లులు ప్రతి మూడో ఇంట్లో ఉండేవి. నీళ్లలో పడతాయన్న భయంతో వాటిని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ప్రతి పిల్లి మెడలోనూ ఒక బూడిదరంగు పట్టీ కనిపించేది. దాని పేరు మూలదర్శిని.

ఆ పట్టీని తయారుచేసింది అక్కడి పశువైద్యురాలు డాక్టర్ వకుళ. పట్టీ లోపలి వైపు ఉన్న సెన్సర్లు పిల్లి గుండె వేగాన్ని, చెవి కండరాల కదలికను, చర్మం మీద తేలే హార్మోన్ల జాడను పట్టుకుంటాయి. బయటి వైపు ఉన్నవి గదిలోని వాసనలను, శబ్దాలను నమోదు చేస్తాయి. ఆ రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టి, ఏది ముందు జరిగింది, దాని వెంట ఏది జరిగింది అని యంత్రం వెతుకుతుంది. పిల్లి గోడలు గీకినా, అన్నం మానేసినా, దానికి మూలం ఎక్కడుందో రెండు మూడు వాక్యాల్లో చెబుతుంది. పట్టీ పిల్లి మనసును చదువుతుందని జనం అనుకునేవారు. వకుళ ఒప్పుకునేది కాదు. పిల్లి ఏమనుకుంటోందో తనకు తెలియదనీ, దేనివల్ల అలా చేస్తోందో మాత్రమే పట్టీ చెబుతుందనీ వచ్చిన ప్రతివారికీ వివరించేది.

ఎన్ని జబ్బులకో జనం ఆమె దగ్గరికి వచ్చేవారు. ఒక్క సమస్యకు మాత్రం ముందు తలుపు మూయమని అడిగి, తర్వాత గొంతు తగ్గించి చెప్పేవారు.

గౌరునాయుడు కూడా అలాగే తలుపు మూయమన్నాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. సముద్రపు గోడ పంపుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. చేతిలో బుట్ట, బుట్టలో నల్లటి పిల్లి. నలుపు చూసి దానికి జీడిగాడని పేరు పెట్టారట.

"సెప్పడానికి సిగ్గుగా ఉంది డాక్టరమ్మా," అన్నాడు.

సంగతి ఇది. జీడిగాడికి ఆరేళ్లు. ఏడు నెలల వయసులోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. అయినా అయిదు నెలలుగా ఇంట్లోని పాత బొంత మీదికి ఎక్కి, దాని అంచు నోట కరుచుకుని, ఆడపిల్లి మీదికి ఎక్కినట్టే చేస్తున్నాడు. ఒకసారి ఇరుగింటివాళ్లు కూర్చుని ఉండగానే చేశాడు. గౌరునాయుడు అరిచి చూశాడు, నీళ్లు చల్లి చూశాడు. ఎక్కువైందే తప్ప తగ్గలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే అది తన భార్య నీలవేణి పెంచిన పిల్లి. కళ్లు తెరవని కూనగా దొరికితే పాలచుక్కలు నోట్లో వేసి బతికించింది. ఆమె తిరిగొచ్చేసరికి పిల్లి ఇంట్లో లేకపోతే ఏమని చెప్పాలి?

నీలవేణి యూరోపాలో ఉంది. గురుగ్రహం చుట్టూ తిరిగే ఆ మంచు చందమామ మీద, మంచు కింద కట్టే స్థావరంలో ఆమె వెల్డరు. వెళ్లడానికి మూడేళ్లు, పనికి మూడేళ్లు, రావడానికి మూడేళ్లు. అక్కడికి చేరి అయిదు నెలలైంది. సముద్రం అడుగున వెల్డింగులో ఆమెకు సాటివచ్చేవాళ్లు ఈ తీరంలో లేరని, తానే వెళ్లమన్నానని చెప్పాడు గౌరునాయుడు. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వాడు.

సిగ్గుపడాల్సిందేమీ లేదని వకుళ అతనికి నచ్చజెప్పింది. దీన్ని ఆమె ఆరోహణ ప్రవర్తన అనేది. ఆపరేషన్ అయిన పిల్లుల్లో అది చాలాసార్లు కామం కాదు. విసుగు, ఆటలో ఉద్రేకం, పక్క పిల్లి మీద పైచేయి, లేదా లోపల పెరిగిన ఒత్తిడి. భయం పోయే దారి దొరకనప్పుడు ఒంటికి తెలిసిన పని ఏదో ఒకటి చేసేస్తుంది. అరిస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా కొన్ని పిల్లులు ఇలా చేస్తాయి కాబట్టి ముందు ఆ పరీక్ష చేసింది. ఏమీ లేదు. బొంత తీసి దాచమంది, రోజూ రెండుపూటలా తాడుకు ఈక కట్టి పావుగంట ఆడించమంది, ఆట అయ్యాక తిండి పెట్టమంది. మెడకు పట్టీ వేసి పంపింది.

నెల తర్వాత వచ్చాడు. మిగతా రోజుల్లో అలవాటు పూర్తిగా పోయింది. గురువారం మాత్రం పోలేదు. బొంత దొరక్కపోతే తలగడ, తలగడ దొరక్కపోతే అతని చెయ్యి.

గురువారం నీలవేణి ఉత్తరం వచ్చే రోజు. వారానికి ఒక గొంతు ఉత్తరం రావడానికి, ఒక జవాబు పోవడానికి స్థావరం వాళ్లు ఏర్పాటు చేశారు. మూలం తనకు తెలిసిపోయిందన్నాడు గౌరునాయుడు. నీలవేణి గొంతు వింటే వీడికి బెంగ పుట్టుకొస్తోంది, పాపం పెంచిన చెయ్యి కదా అన్నాడు. వకుళకూ అదే నిజమనిపించింది. కానీ చిట్టా తెరిచి చూస్తే అలా లేదు. నీలవేణి ఉత్తరం వినిపిస్తున్నంతసేపూ పిల్లి నిద్రపోతూనే ఉంది. దాని గుండె వేగం పెరుగుతున్నది ఆ తర్వాత, గౌరునాయుడు జవాబు చెప్పడం మొదలుపెట్టినప్పుడు. నాలుగు గురువారాలూ అంతే.

"మీరు జవాబులో ఏం చెబుతారు నాయుడుగారూ?"

"ఏటి సెప్తాను? ఇక్కడంతా కులాసా అంతాను. రెండు జోకులేస్తాను, నవ్వుతాను."

"నిజంగా కులాసాగా ఉన్నారా?"

అతను పిల్లి వీపు నిమురుతూ ఉండిపోయాడు. వకుళ కాసేపు తటపటాయించింది. పట్టీని ఆమె పిల్లుల కోసం చేసింది, మనుషుల గుట్టు బయటపెట్టడానికి కాదు. కానీ మూలం చెప్పకుండా మందు ఎలా చెప్పడం? చివరికి యంత్రాన్నే చదవమంది.

"గదిలో ఉన్న మనిషి గొంతు సంతోషంగా ఉంది," అంది యంత్రం నిదానంగా. "అదే మనిషి చెమటలో తీవ్రమైన దుఃఖం తాలూకు వాసన ఉంది. రెండూ పొసగడం లేదు. ఆపద ఉందో లేదో పిల్లికి తేలడం లేదు. మూలం ఇదే."

గౌరునాయుడు పిల్లిని ఎత్తి బుట్టలో పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అది మంచుకింద నిప్పుతోటి పనిచేస్తాది డాక్టరమ్మా. ఇక్కడ నాను ఏడస్తన్నానని తెలిస్తే ఆ చెయ్యి వణకదా?"

గురువారాలు పిల్లిని తన దగ్గర వదిలి వెళ్లమని వకుళ చెప్పింది. అలాగే వదిలి వెళ్లాడు. కానీ గంట తిరక్కుండానే వెనక్కి వచ్చి బుట్ట అడిగాడు. ఖాళీ ఇంట్లో కూర్చుని నవ్వడం తన వల్ల కాలేదట. ఆ వారం జవాబు పంపలేదు. వచ్చే గురువారం నిజమే చెబుతానని, తాను మధ్యలో ఆగిపోతే చెప్పించడానికి పక్కన ఎవరైనా ఉంటే బాగుంటుందని అన్నాడు.

వకుళ మధ్యాహ్నం నాలుగింటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు. కిటికీ అవతల నీళ్లు మెరుస్తున్నాయి. పరీక్ష కోసమని బొంతను ఆమే తీయించి నేల మీద వేయించింది. గౌరునాయుడు ఉత్తరాల పెట్టె మీట నొక్కి, గొంతు సవరించుకున్నాడు.

"ఓలే నీలా. నాను బాగోనేదు. నువ్వెళ్లిన కాణ్ణించి బాగోనేదు. ఇద్దరికి సరిపడా పులుసు కాసీసి, సగం పారబోస్తన్నాను. మంచం మీద నీ పక్క ఖాళీ ఉంచీసి ఈ సివర తొంగుంటన్నాను. ఎల్లమన్నది నానే. ఎల్లొద్దని సెప్పాలని రేవు కాడ నోటిదాకా వచ్చింది. సెప్పలేకపోయినాను. నువ్వొచ్చీదాకా రోజులు లెక్కెట్టుకుంటన్నాను. అంతే."

గొంతు నాలుగుసార్లు తెగింది. ఒక్కసారి కూడా నవ్వలేదు. జీడిగాడు లేచి బొంత దగ్గరికి వెళ్లాడు. వాసన చూశాడు. వెనక్కి తిరిగి వచ్చి గౌరునాయుడి ఒళ్లోకి ఎక్కి, ముందరికాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. పదేళ్ల పరిశోధనలో ఇంత స్పష్టమైన ఫలితం వకుళ చూడలేదు.

యూరోపా ఆ రోజుల్లో ఎనభై కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మాట చేరడానికి ముప్పావుగంట, తిరిగి రావడానికి ముప్పావుగంట. మామూలుగా జవాబు మరుసటి గురువారమే వస్తుంది. ఆ రోజు మాత్రం ఆరు కాకముందే పెట్టె మీద దీపం వెలిగింది. ఉత్తరం వినగానే నీలవేణి స్థావరం పెద్దను బతిమాలుకుని, ఆ ఒక్కరోజుకూ అదనంగా మాట్లాడుకోవడానికి అనుమతి తెచ్చుకుని జవాబు పంపినట్టుంది. వకుళ లేవబోతే గౌరునాయుడు చేత్తోనే ఉండమన్నాడు.

"ఏటయ్యా నువ్వు," అంది నీలవేణి గొంతు. తర్వాత కాసేపు యంత్రాల హోరు మాత్రమే వినిపించింది. "రెండు వారాల కింద కాయితం మీద సంతకం ఎట్టీసినాను. ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉంటానని. నాకు ఉండాలని నేదు. వారం వారం నువ్వు నవ్వుతా కులాసా అంతంటే, నాను నేకపోయినా నీకు జరిగిపోతంది గావాల, తొరగా వచ్చి ఏటి సేస్తాననుకున్నాను. నీ మాట విన్నాక ఇప్పుడే పరిగెత్తికెల్లి అడిగినాను. తిరుగు ఓడలో నా సోటు ఇంకొకలికి ఇచ్చీసినారట. దాని తరవాత ఓడ మళ్లీ మూడేళ్లకే. ఈ మాట ముందే సెప్పకూడదేటయ్యా."

ఇంకా ఏదో అనబోయింది. సమయం అయిపోయింది.

గౌరునాయుడు ముఖం చేతుల్లో దాచుకోలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏడ్చాడు, భుజాలు ఊగిపోయేలా. అంత దుఃఖంలోనూ వకుళ చూపు అలవాటు కొద్దీ పిల్లి మెడ వైపు వెళ్లింది. పట్టీ మీద ఆకుపచ్చ వెలుగు నిలకడగా ఉంది.

"ఒత్తిడి లేదు," అంది యంత్రం. "ఆరోహణకు మూలం ఏదీ కనబడలేదు. చికిత్స పూర్తయింది."

వకుళ చెయ్యి చాచి యంత్రం గొంతు ఆపేసింది.

చాలాసేపటికి అతను కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు: మిగిలిన పని రెండున్నరేళ్లు, పెరిగింది మూడు, రావడానికి మూడు.

"ఎనిమిదిన్నరేళ్లు. అప్పటిదాకా వీడుంటాడా డాక్టరమ్మా?"

"ఇంట్లో ఉండే పిల్లులు పదిహేనేళ్లు బతుకుతాయి. ఇంకా ఎక్కువ కూడా."

"అయితే ఉంటాడని సెప్తాను నీలకి. సంతోషిస్తాది."

"ఉండచ్చు అని చెప్పండి నాయుడుగారూ," అంది వకుళ. "ఉంటాడని చెప్పకండి."

అతను తల ఊపి, ఒళ్లో పిల్లి కదలకుండా ముందుకు వంగి మళ్లీ మీట నొక్కాడు.