కింది బాణం

లారీ ఇంకా ఆగలేదు...

శ్రవణ్ కుమార్ దూకేస్తాడు!

మోకాలు చెక్కుకుపోతుంది. చంకలోని లాప్‌టాప్‌ను మాత్రం వదలడు.

కొత్తకోట హైవే. చీకటి పడింది. వెనక ఎక్కడో పోలీసు జీపు సైరన్.

గద్వాలలో, విజయ్ గదిలో, నెత్తురు ఇంకా ఆరి ఉండదు.

"సింధూజ మేడమ్ రిపేరుకిచ్చిందన్నా... స్టార్ట్ అయితలేదని..."

విజయ్ అన్న చివరి మాట అదే.

సింధూజ తన భార్య. ఆమె తనను ముట్టుకోనివ్వని లాప్‌టాప్, ఆమెతో పాటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడి మంచం మీద! ఇనుప రాడ్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో శ్రవణ్‌కు గుర్తు లేదు.

ఇప్పుడు చూడాలి. ఇందులో ఇద్దరి ఫొటోలు ఉండి తీరాలి. లేకపోతే తానేమవుతాడో అతనికి తెలియదు.

రోడ్డు పక్కన రిపేరు షాపు. సగం దించిన షట్టర్ కింద నుంచి దూరతాడు.

"బావా! గీ రక్తమేంది?"

కంప్యూటర్ మెకానిక్ బాలరాజు. సింధూజ పుట్టిన ఆత్మకూరువాడు. ఒకే ఊరు, అందుకే ఆమెకు తమ్ముడి వరస. తనకు బావమరిది.

"షట్టర్ దించు! ఇది నడవాలె."

బాలరాజు షట్టర్ పూర్తిగా దించుతాడు. "ఎవరిది?"

"మీ అక్కది."

"అక్కకు లాప్‌టాప్ ఉన్నదా? నేనెన్నడు చూడకపోతి!"

నల్లటి తెర. నాలుగు తెల్ల వరసలు. మొదటిది స్టార్టప్ రిపేర్. రెండోది సిస్టమ్ రీస్టోర్. మూడోది మెమరీ టెస్ట్. ఆఖరిది అన్నీ తుడిచేసి కొత్తదానిలా చేసేది.

లారీలో దారి పొడుగునా శ్రవణ్ కీబోర్డు మీద కింది బాణం కొట్టాడు. వేలు నొప్పెట్టింది. గుర్తు మొదటి వరస దాటలేదు. ఆ మొదటిది ఫెయిలైంది.

"ఆఖరిది కొడ్త బావా. అంత సాఫ్. పోలీసోళ్లకు దొరికితే నీకే పరేషాన్."

"తుడిస్తే నాకేం మిగుల్తది?"

"పానం మిగుల్తది!"

"రెండోది కొట్టు. ఫైళ్లు పోవద్దు. నేను చూడాలె."

"చూసి ఏం జేస్తవ్? ఉంటే ఏడుస్తవ్. లేకున్నా ఏడుస్తవ్."

"కొట్టుమన్న!"

బాలరాజు నిట్టూర్చి వంగుతాడు.

పైబాణం. గుర్తు మొదటి వరస నుంచి ఎగిరి ఆఖరి వరస మీద పడుతుంది.

మళ్లీ పైబాణం. మూడోది.

మళ్లీ పైబాణం. రెండోది.

శ్రవణ్ కళ్లు తెర మీద లేవు. ఆ వేలి మీద ఉన్నాయి.

ఎవడైనా ముందు కిందికే కొడతాడు. ఒక్కసారైనా! ఈ లాప్‌టాప్ ఎన్నడూ చూడలేదన్న వీడు ఆ బాణాన్ని తాకనైనా తాకలేదు...

"బాలరాజూ. కింది బాణం పనిచెయ్యదని నీకెవరు చెప్పిండ్రు?"

వేలు గాలిలో ఆగుతుంది.

ఆదివారాలు. సింధూజ పుట్టింటికని బయలుదేరడం. కొత్తకోటలో బస్సు మారడం. ఆలస్యమైందని నవ్వుతూ చెప్పడం...

తమ్ముడి వరస! అనుమానం ఈ గుమ్మం దాకా ఎన్నడూ రాలేదు.

షట్టర్ మీద లాఠీ దెబ్బలు!

"శ్రవణ్! బయటికి రా! విజయ్ దవాఖానల సచ్చిపోయిండు!"

విజయ్... నిజమే చెప్పాడు.

"బావా... జర నా మాట ఇను..."

శ్రవణ్ షట్టర్ వైపు నడుస్తాడు. బాలరాజు ఊపిరి వదులుతాడు.

శ్రవణ్ వంగి, లోపలి తాళం వేస్తాడు. తాళంచెవి జేబులో వేసుకుంటాడు.

బల్ల మీద పొడవాటి స్క్రూడ్రైవర్.

ఇద్దరూ ఒకేసారి చూస్తారు!