జల్లెడ క్లోజ్ చేయని బగ్

"అమ్మా తల్లీ, మళ్ళీ తిప్పికొట్టావా?"

తలెత్తకుండానే ఆమెకు ఎవరో తెలిసిపోయింది. ఆ ఆఫీసులో అంత హడావిడిగా నడిచేది అతనొక్కడే. కోడ్ రాయడంలోనూ అదే హడావిడి. అందుకే అందరూ తొందరబాబు అంటారు. అతను రాసినదాంట్లో తప్పులు పట్టే టెస్టర్ ఆమె. నలుసు కూడా వదలదని ఆమెకు జల్లెడ అని పేరు పెట్టింది అతనే.

"పని చేయకపోతే తిప్పికొట్టక నెత్తిన పెట్టుకోవాలా?"

"ఈసారేమైంది?"

వాళ్ళది బస్సు టికెట్ల యాప్. ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. "పక్కపక్కన రెండు సీట్లు తీసుకున్నా. వెనక్కి వెళ్ళి ఒకరి వయసు సరిచేశా. అంతే, ఒకరు డ్రైవర్ వెనకాల, ఇంకొకరు చివరి వరసలో!"

"మొగుడూ పెళ్ళాలేమో. కాస్త ప్రశాంతంగా ఉంటారులే."

ఆమెకు నవ్వాగలేదు. అతను ఆ నవ్వు వైపు ఒక్క క్షణం ఎక్కువే చూసి, తన సీటుకు పరుగెత్తాడు.

అది బుధవారం. ఆ సాయంత్రమే టీమ్ లీడ్ మేడమ్ కబురు చెప్పింది. తొందరబాబుకి వేరే ఊళ్ళో మ్యాపులు తయారుచేసే టీమ్‌లో చోటు దొరికింది. ఎన్నాళ్ళనుంచో కోరుకున్న పని. సోమవారానికల్లా చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. అయితే పేరు మీద సరిచేయని తప్పు, ఒక్క బగ్ మిగిలినా ఇక్కడినుంచి వదలరు. అతని పేరు మీద మిగిలింది ఆ సీట్ల బగ్ ఒక్కటే. బగ్‌ని పట్టుకున్న టెస్టరే సరిచూసి, తప్పు పోయిందని క్లోజ్ చేయాలన్నది టీమ్ నియమం.

గురువారం పొద్దున్నే అతను సరిచేసి పంపాడు. ఆమె పరీక్షించింది. వయసు మార్చింది, పేరు మార్చింది, వెనక్కి వెళ్ళింది, ముందుకొచ్చింది. ఆ ఇద్దరూ పక్కపక్కనే, కదిలితే ఒట్టు.

క్లోజ్ నొక్కాలి. వేలు ముందుకు రాలేదు. నొక్కితే సోమవారంనుంచి ఆమె మీదకు పోట్లాటకు వచ్చేవాడు ఉండడు.

"అయిందా?" అని మేడమ్ అడిగితే, "ఇంకో ఫోన్‌లో చూడాలండీ" అంది. జీవితంలో మొదటిసారి పని విషయంలో అబద్ధమాడింది.

శుక్రవారం మధ్యాహ్నం కిటికీ బయట వాన దంచుతోంది. మంచినీళ్ళకోసం వెళ్ళిన ఆమెకు మెట్ల దగ్గర అతని గొంతు వినిపించింది. ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. "ఇంకా తేలలేదమ్మా. కుదరకపోతే కుదరదు. పోనీలే, నువ్వు దిగులు పడకు."

ఆ "పోనీలే" ఆమె గుండెలో ముల్లులా దిగింది. నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చి, ఆలోచించే వ్యవధి ఇచ్చుకోకుండా క్లోజ్ నొక్కేసింది. తిన్నగా అతని సీటు దగ్గరకు వెళ్ళింది.

"నీ బగ్ క్లోజ్ చేశాను. అది నిన్న పొద్దున్నే సరిగ్గా ఉంది. నేనే... ఆపాను."

ఎందుకని అడుగుతాడేమోనని తల వంచుకుంది. అతను అడగలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు టెస్ట్ నడిపిన సంగతి, అది పాసైన సంగతి సిస్టమ్‌లో నాకూ కనిపిస్తాయి కదా జల్లెడా. నిన్న పొద్దున్నే చూశాను."

ఆమె ముఖం కందిపోయింది. "మరి అడగలేదేం?"

"అడిగితే క్లోజ్ చేసేస్తావని."

ఇంత తొందర మనిషి రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాడు! ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసింది.

"ఆ ఉద్యోగం పోతే?"

"ఆ భయమూ ఉంది. వెళ్ళాలనీ ఉంది, నిన్ను వదిలి వెళ్ళాలనీ లేదు. నాకు తేల్చుకోవడం చేతకాలేదు. నువ్వు తేల్చావు."

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆదివారం వెళ్తున్నాను. అమ్మ స్టేషన్‌కి వస్తుంది" అన్నాడు నెమ్మదిగా. "నువ్వూ వస్తావా?"

"నన్నెవరని చెప్తావు ఆవిడకి?"

"నా తప్పులన్నీ తెలిసి కూడా నన్ను వదులుకోలేని పిల్ల అని."

"నీ తప్పులన్నీ చెప్పాలంటే ఒక్క ఆదివారం చాలదు."

"అందుకే ప్రతి నెలా వస్తాను. కొంచెం కొంచెం చెబుదువుగాని."

ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒక్క మాటే అడిగింది.

"రైలు ఎన్నింటికి?"